మొన్నటి నీళ్లు

ఆదివారం, ఎర్రగుంట్ల

ఈ రోజు భుజం నొప్పి లేదు. ఇన్నాళ్లూ చేపల తొట్టి నీళ్లు బకెట్లతో మార్చాను. మోయలేకపోతే చేపలను ఎవరికైనా ఇచ్చేయమన్నారు ఆయన. ఇవ్వలేదు. పొద్దున మేడమెట్ల మీద డ్రమ్ము పెట్టి, దానికి కుళాయి బిగించి, పైపు తొట్టిలోకి వదిలాను. తొట్టిలోని మురికి నీళ్లు ఇంకో పైపులోంచి కిటికీ అవతల కరివేపాకు చెట్టుకు పోతాయి.

"మనుషులకే నీళ్లు చాలక సస్తాంటే, చేపలకు కుళాయి పెడ్తాండావా?" అంది అత్త.

సాయంత్రం మునిసిపాలిటీ నీళ్లు వచ్చాయి. కొత్త నీళ్లు పట్టడానికి అత్త ఎప్పటిలాగే మొన్నటి బిందెల్లో మిగిలిన నీళ్లు కాలువలో పారబోయబోయింది. నేను బిందె పట్టుకున్నాను.

"ఇడువు పాపా, అవి నిల్వ నీళ్లు."

"నిల్వ నీళ్లే కావాల అత్తా. వీటికి బ్లీచింగ్ వాసన పోయింటాది. కొత్త నీళ్లు పోస్తే చేపలు సస్తాయి."

ఆమె వదల్లేదు. నేనూ వదల్లేదు. చివరికి డ్రమ్ములోకి వంచింది నేనే.

ఎండాకాలంలో నీళ్లు ఇంకా ఆలస్యంగా వస్తే ఎలాగో తెలియదు... అప్పుడు చేపలను ఇచ్చేయమని ఆయన మళ్లీ అంటారు. అననీ. ఈ ఇంట్లో పారబోసే నీళ్లు ఉన్నంతకాలం నా చేపలు ఎక్కడికీ పోవు.