నాలుగు నిమిషాల శోకం

14 ఫిబ్రవరి 1969

స్క్రిప్టులో లేని షాట్ ఒకటి వచ్చింది. నేను తీశానని చెప్పుకుంటే సిగ్గుచేటు. కెమెరా తిరుగుతోంది, బుర్మకన్ పెద్దమ్మ పాడింది, అంతే.

ఆవిడ ఈ కొండ ఊళ్ళో గొర్రెలు కాచుకునే మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి. యుద్ధంలో కొడుకు చచ్చిపోయిన తల్లి వేషం ఇచ్చాం. గుడారంలో ఊరికే కూర్చోమన్నాను. కూర్చుని శోకం ఎత్తుకుంది. వేషంలో కొడుకు పేరు కాదు, సాతర్‌కుల్ అని తన మొగుడి పేరు పెట్టి. నాలుగు నిమిషాలు. సౌండు చూసే అతను మైకు పట్టుకునే ఏడ్చాడు.

సాతర్‌కుల్‌ని ముప్ఫై ఏడు అరెస్టుల్లో రహస్య పోలీసులు తీసుకుపోయారు. పదేళ్ళు శిక్ష, ఉత్తరాలు ఉండవు అన్నారట. పోయాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. బతికున్నవాడికి శోకం పాడకూడదు కదా. ముప్ఫై రెండేళ్ళు నోరు కట్టుకుని కూర్చుంది మహాతల్లి.

తర్వాత ఒక్కటే అడిగింది. శోకం అన్నాక చుట్టాలు వినాలి, ఇక్కడున్నది మీ సినిమావాళ్ళే, మరి మావాళ్ళు వింటారా అని. మళ్ళీ పాడటం తనవల్ల కాదట. మీ ఊరి క్లబ్బులోనే ఆడిస్తాను, అందరూ వింటారు అని మాటిచ్చాను.

15 ఫిబ్రవరి

ఎవడు ఇమ్మన్నాడు నన్ను మాట?

2 మార్చి, ఫ్రూన్జె, ఇంట్లో

భయంగా ఉంది. నా మొదటి సినిమాకి ప్రైజు వచ్చింది. రెండోది ఆరేళ్ళుగా డబ్బాలో మగ్గుతోంది. ఇదీ అటకెక్కితే నలభై ఆరేళ్ళ వయసులో గొర్రెల టీకాల మీద డాక్యుమెంటరీలు తీసుకోవాలి. ముప్ఫై ఏడులో పోయినవాడి పేరు తెర మీద వినిపిస్తే సెన్సారు కమిటీవాళ్ళు ఊరుకుంటారా? కలీమాకి చెప్తే, నువ్వు అన్నం మానేస్తే వాళ్ళు ఊరుకుంటారా అంది. పెళ్ళాం మాట నిజమే. అయినా తినలేకపోయాను.

7 మార్చి

ఉపాయం తట్టింది. నాదేం కాదు, మాస్కోలో చదువుకునే రోజుల్లో సీనియర్లు నేర్పిన విద్యే. కుక్కకి బొమిక వెయ్యడం అంటాం. సినిమాలో కావాలనే ఒక పిచ్చి సీను పెట్టాలి. కమిటీ దాని మీద పడి కరుస్తుంది, కోయిస్తుంది, డ్యూటీ అయిందనుకుని వెళ్ళిపోతుంది. మనకి కావలసిన సీను జోలికి రాదు.

నా బొమిక: సమష్టి వ్యవసాయ క్షేత్రం చైర్మన్ తప్పతాగి, గుర్రం మీద ఉపన్యాసం ఇస్తూ ఇస్తూ, నినాదం రాసిన బ్యానరుతో సహా కాలవలో పడతాడు. దీన్ని ఎవడు పాస్ చేస్తాడు?

11 మార్చి

కాలవ సీను తీశాను. పదకొండు టేకులు. మొదటి టేకే చాలు అన్నారు అందరూ. పడటం సరిగ్గా రాలేదు, టైమింగ్ కుదరలేదు. చెత్త షాట్ తియ్యడానికి నాకు చెయ్యి రాదు.

ఎడిటర్ జోయా ల్వోవ్నా రషెస్ చూసింది. నా మొదటి సినిమా నుంచీ అన్నీ కోసింది ఆవిడే. సిగరెట్టు ఆర్పి, మరీ బాగా వచ్చింది, కాస్త చెడగొట్టు అంది. నవ్వేశాను.

21 ఏప్రిల్

కమిటీ సినిమా చూసింది. పొద్దున్న పదకొండుకి మొదలు. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను.

చైర్మన్ కాలవలో పడ్డాడు. మాస్కో నుంచి వచ్చిన పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. ఆ రీలు మళ్ళీ వేయించుకున్నారు. జనానికి ఇలాంటి ఆరోగ్యకరమైన హాస్యమే కావాలట, ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోకూడదట.

తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంత సరదా సినిమాలో ఆ చావు పాట ఎందుకన్నాడు. ఆ సాతర్‌కుల్ ఎవరు అన్నాడు. 

ఎవరూ కాదండీ, ఊరికే ఒక పేరు అన్నాను.

22 ఏప్రిల్

ఊరికే ఒక పేరట. థూ.

25 ఏప్రిల్

మార్పుల కాగితం టేబుల్ మీద ఉంది. ఒకే ఒక్క మార్పు: శోకం తీసెయ్యాలి. మూడు రోజులు దాని చుట్టూ తిరిగాను. కాలవ సీను పదకొండుసార్లు తియ్యకపోతే ఈ గతి పట్టేది కాదు. జోయా తిట్టలేదు, ఇంతే అంది.

"సంతకం పెడితే నాలుగు నిమిషాలు పోతాయి. పెట్టకపోతే సినిమా మొత్తం పోతుంది. ఏడవాలంటే తర్వాత ఏడువు, ముందు తేల్చు."

సంతకం పెట్టాను. ఆవిడ నన్ను గదిలోంచి పంపించేసి కోసింది. నెగెటివ్ కూడా కమిటీవాళ్ళే పట్టుకుపోయారు.

9 సెప్టెంబరు

సినిమా బాగా ఆడుతోంది. మా స్టూడియో పెద్ద కావలించుకున్నాడు. వచ్చే ఏడాదికి రంగుల సినిమా ఇస్తారట. పాల లారీ డ్రైవరు బుర్మకన్ పెద్దమ్మ కబురు తెచ్చాడు. మూడోసారి. క్లబ్బులో ఎప్పుడు వేస్తారని. షూటింగులో ఉన్నానని చెప్పమన్నాను. ఏ షూటింగూ లేదు.

17 అక్టోబరు, కొండ ఊరు

జిల్లావాళ్ళు ఈ ఊరి క్లబ్బుకి బొమ్మ పంపించేశారు. నేను రాక తప్పలేదు. ముందే చెప్పేద్దామని పొద్దున్నే ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు గుర్రాలు, శోకం వినడానికి వచ్చిన మూడు లోయల చుట్టాలు. ఏటని కోశారు. సాతర్‌కుల్ తమ్ముడు, ఎనభై ఏళ్ళవాడు, రెండు రోజులు గుర్రం మీద వచ్చాడట. ఆవిడ తెల్లటి తలగుడ్డ కట్టుకుని అందరికీ టీ పోస్తోంది. నన్ను చూసి, వచ్చావా అని పెద్ద ముక్క వడ్డించింది. తిన్నాను. చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం

శోకం దగ్గర మా ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుంటారు. క్లబ్బులో అందరూ తెరవైపు, పెద్దమ్మ ఒక్కతే వెనక గోడవైపు. చైర్మన్ కాలవలో పడ్డాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆవిడ కదల్లేదు.

సినిమా అయిపోయింది. లైట్లు వేశారు. జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఆ తమ్ముడు మాత్రం టోపీ చేత్తో పట్టుకుని తెరవైపే చూస్తున్నాడు.

"ఇంకా ఎంతసేపు నాయనా?" పెద్దమ్మ ఇటు తిరక్కుండానే అడిగింది.

"ఇంకొంచెం సేపు పెద్దమ్మా" అన్నాను.