రాతి గిన్నెకు కొయ్య మూత

సిద్దిపేట,
18 ఆగస్టు 2024.

ఓంప్రకాశ్ అన్నకు నమస్కారం.

భివండీలో మీరు, వదిన క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను, శ్రీజ ఉన్నాం. బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. మా ఆయన, మీ స్నేహితుడు రత్నాకర్ పోయి నేటికి రెండు నెలలు. ఫోన్లో మీ గొంతు వింటే చెప్పదలచింది చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను.

ఆయన లేత్ మిషన్ ఏమైందని మొన్న అడిగారు. లేదన్నా. పాత ఇనుము కొనేవాళ్లకు ఇచ్చేశాను. కాలిపోయిన బోరు మోటరు బాగుచేసి, దానితోనే ఆ మిషన్ కట్టుకున్నాడని మీకు తెలుసు. వారమంతా రైతుల మోటర్లకు తీగ చుట్టి, ఆదివారం దానిమీద వేప మొద్దులు తిప్పి గిన్నెలు, భరిణెలు చేసేవాడు. ఇంటికొస్తే చొక్కా నిండా పొట్టు. విసుక్కుంటూ దులిపినా, ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది.

బండల పని చేసే మీతో స్నేహమయ్యాక రాయి మొదలైంది. ఇండ్లల్లో మిగిలిన నల్లరాతి ముక్కలు మీరు తెచ్చేవారు. రాతి గిన్నె తొలిచి, దానికి సరిగ్గా సరిపోయే కొయ్య మూత చేయాలని ఇద్దరూ పట్టుబట్టారు. మొదటి మూత కుదిరిన రోజు మీరు మా ఇంట్లోనే అన్నం తిన్నారు. ఆయన తినకుండా మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. "గాలి గూడ పోతలేదు, సూడు" అని నాకు పదిసార్లు చూపించాడు.

మీరు భివండీ వెళ్లాక ఒక్కడే చేశాడు. చప్పుడుకు పక్క షాపులవాళ్లు గొడవపడుతున్నారని షట్టర్ దించుకుని కోసేవాడు. బయటికొస్తే రాతి దుమ్ముతో కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. నేను నవ్వేదాన్ని. దగ్గు వస్తే చలికనుకున్నాం. తర్వాత నాలుగు మెట్లెక్కినా ఆయాసం.

దవాఖానలో ఎక్స్‌రే చూసి, "ఏ క్వారీల పనిచేస్తడమ్మా?" అని డాక్టర్ అడిగాడు. క్వారీ కాదు సార్, మోటర్ వైండింగ్ అన్నాను. మీ స్నేహితుడు తల వంచుకుని, "ఆదివారాలు రాయి కోస్తుంటి సార్" అన్నాడు. ఎవరిదో వస్తువు తీసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

ఆయన పోయాక షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. మిషన్ కళ్లబడగానే తీసుకుపొమ్మన్నాను. వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే శ్రీజ దాన్ని పట్టుకుని వదల్లేదు. "అమ్మా, గది బాపుది" అంది. దాని వేళ్లు నేనే విడిపించాను. ఇంటర్ చదివే పిల్ల, అప్పటినుంచి నాతో అవసరానికి మాత్రమే మాట్లాడుతోంది.

మిగిలినవి రెండు రాతి గిన్నెలు. ఒకటి శ్రీజ తన పుస్తకాల దగ్గర పెట్టుకుంది. రెండోది మీ దుబ్బాక వీరయ్య భివండీ వస్తున్నాడని అతని చేతికిస్తున్నాను. ఉంచుకోండి.

మీ చెల్లెలు,
సంధ్య

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. దినాలకు వచ్చినప్పుడు మీరు, "ఒక్క ఫోన్ జేస్తే బస్సెక్కి వస్తుంటి గద చెల్లె, నన్ను యాది చెయ్యలేదా?" అని అడిగారు. నేను పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయాను. యాది చేశాడన్నా. ఆక్సిజన్ పెట్టిన మూడు రోజులూ మీకు ఫోన్ చెయ్యమన్నాడు. నేను వరండాలోకి వెళ్లి, ఎవరికీ చెయ్యకుండా తిరిగొచ్చి, మీకు పని వదలడం కుదరదట, రానన్నారని చెప్పాను. ఆయనకు రాయి అలవాటు చేసింది మీరని నా కోపం. నీళ్లు పోస్తూ కోయమని, ముక్కుకు గుడ్డ కట్టుకోమని మీరు ఎన్నోసార్లు చెప్పారని, తానే వినలేదని ఆయన అప్పటికే నాతో అన్నాడు. అయినా నేను ఫోన్ చెయ్యలేదు.

మీరు రానన్నారని చెబితే ఆయన మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పనిల ఉంటడు, పాపం" అన్నాడు. తలుపు వైపు చూడడం మాత్రం మానలేదు.