పొట్టి కత్తి

3 ఫిబ్రవరి, సోమవారం

షుగర్ 212. రోజూ రీడింగ్ రాసుకోమని డాక్టర్ గారు చెప్పారు. ఈ చిన్న అంకె కోసం ఇంత డైరీ ఎందుకని మూడు రోజులు ఖాళీగా ఉంచాను. ఈరోజు భయంగా ఉంది. అందుకే రాస్తున్నాను.

మోకాళ్లు అరిగిపోయాయట. ఇక కింద కూర్చోకూడదట. నరసాపురం చేపల మార్కెట్‌లో ఇరవై రెండేళ్లుగా కత్తిపీట మీద కూర్చుని చేపలు కోసేదాన్ని నేను. మా ఆయన త్రిమూర్తులు ఇంట్లో ఉండమంటాడు. ఈ పొద్దున వేటకి పోతూ కూడా అదే మాట. చెయ్యి తెగిందంటే ఆరోజుతో సరి, మళ్లీ మార్కెట్‌కి పంపను అన్నాడు. పది రోజులకి గానీ బోటు రాదు.

బల్ల వేసుకుని నిలబడి కోస్తాను. దానికి చేతికత్తి కావాలి.

4 ఫిబ్రవరి

219.

ఏసుపాదం గారి కత్తుల కొట్టుకి వెళ్లాను. తోడుగా మాణిక్యాంబ వచ్చింది. మార్కెట్‌లో నా పక్క పీట ఆమెదే. ఆయన ముందు మూరెడు కత్తి తీశారు. అది మేకల్ని కొట్టేవాళ్లకి. తర్వాత మడిచే కత్తి చూపించి, సంచిలో వేసుకోవచ్చండి అన్నారు. ఆ మడత సందులో పొలుసూ రక్తమూ చేరితే ఎలా కడగాలి? తడిచేతిలో ఎప్పుడు వేలి మీదకి మూసుకుంటుందో? వద్దన్నాను. చెక్క పిడిది చూస్తే, నీళ్లు పీల్చి కంపు కొడుతుందని మాణిక్యాంబ పెదవి విరిచింది.

ఆఖరికి ఒకటి కుదిరింది. బ్లేడు నా మధ్యవేలంత. అదే ఇనుము పిడి చివరిదాకా ఉంది, అతుకు లేదు. పిడికి గరుకు రబ్బరు. మొన మాత్రం సన్నం. చిన్నది కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను.

6 ఫిబ్రవరి

205. నాలుగు శీలావతి చేపలు కోశాను.

కత్తిపీటలో కత్తి కదలదు, చేప కదులుతుంది. రెండు చేతులూ చేపనే పట్టుకుంటాయి. కత్తి ఎక్కడుందో చూడక్కర్లేదు, అది ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు కుడిచెయ్యి కత్తిది, ఎడమచెయ్యి చేపది. కుడిచెయ్యి కదిలినప్పుడల్లా ఎడమచెయ్యి బెదిరి వెనక్కి పోతోంది.

సాయంత్రం లాడ్జి కుర్రాడొకడు కౌజు పిట్టలు తెచ్చాడు, శుభ్రం చేసిమ్మని. వాటికి ఈ కత్తి బాగుంది. కీలు దగ్గర మొన పెడితే కాలు దానంతటదే ఊడొచ్చింది. అంత తేలిగ్గా ఊడిరావడం చూసి, కత్తి కడిగి సంచిలో అడుగున పెట్టేశాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

రద్దీ. ఒకాయన రెండు జెల్ల చేపలు తెచ్చి తొందరపెట్టాడు, బస్సుందండి, కానివ్వండి అంటూ. జెల్లకి తల పక్కనుండే ముళ్లు ముందుగా విరగ్గొట్టాలి. ఇరవై రెండేళ్లుగా నాకు తెలుసు. ఈరోజు ముందు తల దగ్గర కత్తి పెట్టాను. చేప జిగురుకి జారింది. కత్తి తప్పించుకోవాలని ఎడమచెయ్యి లాక్కున్నాను, ముల్లు చూపుడువేల్లో దిగింది. కత్తి అసలు తగల్లేదు.

రక్తం పెద్దగా రాలేదు. పసుపు అద్ది గ్లౌజు వేసుకుని మిగతా చేపలు కోశాను. ఎవరూ చూడలేదు.

10 ఫిబ్రవరి

268. వేలు ఉబ్బింది.

11 ఫిబ్రవరి

నాన్నకి కూడా షుగరే. చెప్పు కరిచి కాలికి బొబ్బ లేచింది. నెలకి పాదం తీశారు. తర్వాత మోకాలి దాకా. తర్వాత నాన్న లేడు. ఆ బొబ్బని మొదట చూసింది నేనే. ఎవరికీ చెప్పొద్దే అన్నాడు, చెప్పలేదు. నాకప్పుడు పదిహేనేళ్లు.

ఇది తెలిసి కూడా నేను డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళితే కోసేస్తారని. వెళ్లకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రెండూ తెలిసి, పొద్దున లేచి బల్ల కడుక్కుని నిలబడ్డాను.

12 ఫిబ్రవరి, ఉదయం 5.40

301. మిషన్ చెడిపోయిందేమోనని మళ్లీ గుచ్చాను. 304.

గుప్పిట మూయలేకపోతున్నాను. గోరు చుట్టూ ఊదారంగు. చలిజ్వరంలా ఉంది. ఎల్లుండి బోటు వస్తుంది. ఆయన రాకముందే తగ్గిపోవాలి. దేవుడికి ఏం మొక్కుకోవాలో కూడా తోచడం లేదు.

అదే రోజు, సాయంత్రం

మణికట్టు నుంచి మోచేతి వైపు ఎర్రగా ఒక గీత. పొద్దున లేదు. స్నానం చేస్తూ రుద్దాను. పోలేదు.

19 ఫిబ్రవరి, భీమవరం, హాస్పిటల్

రాయగలుగుతున్నాను. కుడిచెయ్యి బాగానే ఉంది.

పదమూడో తేదీ పొద్దున బల్ల దగ్గర నిలబడ్డానో లేదో మాణిక్యాంబ ముక్కు ఎగబీల్చింది.

"ఏంటే ఈ కంపు? ఇది చేప కంపు కాదే. ఆ గ్లౌజు తియ్యి."

"ఏం లేదు, ముల్లు గుచ్చుకుంది."

"తియ్యి సూర్యకళా, నీకు దణ్ణం పెడతాను, తియ్యి."

నేను తియ్యలేదు. ఆమే లాగింది. లోపల వేలు చూసి ఒక్క క్షణం తల తిప్పుకుంది. తర్వాత తన పీట మీద సగం కోసిన వంజరం చేపని అలాగే వదిలేసి, కోయించుకునే ఆవిడ అరుస్తున్నా వినకుండా నన్ను ఆటో ఎక్కించింది. భీమవరం దాకా నా మోచెయ్యి పట్టుకునే ఉంది, చెయ్యి గనక వదిలితే ఆ ఎర్రగీత పైకి పాకిపోతుందన్నట్టు.

చూపుడువేలు తీసేశారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మణికట్టు దాకా పోయేదన్నారు డాక్టర్ గారు. ఆ మాట వినగానే సంతోషం వేసింది. వేలు పోయినందుకు కాసేపటి తర్వాత ఏడ్చాను.

20 ఫిబ్రవరి

188.

మా ఆయన పద్నాలుగునే వచ్చాడట. అప్పట్నుంచి వరండాలోనే పడుకుంటున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. ఈరోజు ఇడ్లీ తుంచి నోట్లో పెడుతూ మాత్రం అడిగాడు.

"ముందే చెప్తే తిడతాననుకున్నావా?"

అవునన్నాను.

"తిట్టేవాణ్ణే," అన్నాడు. ఇంకో ముక్క తుంచాడు. "తిట్టి తీసుకొచ్చేవాణ్ణి."

2 మార్చి

ఇంటికొచ్చాను. మార్కెట్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వంటింట్లో ఉల్లిపాయ కోద్దామని స్టూలు మీద కూర్చుని చాకు తీశాను. చిన్న చాకు అది. కోయకుండా లేచాను.

18 మార్చి

కుట్లు మానాయి. డాక్టర్ గారు పని చేసుకోవచ్చన్నారు. మళ్లీ తెగితే ఏంటండి అని అడిగాను. తెగిన రోజే రండి అన్నారు. అంతేనా? అంతే.

ఆయనతో చెప్పాను, వెళ్తానని. మధ్యాహ్నం బజారుకి పోయి స్టీలు తీగతో అల్లిన గ్లౌజొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎడమచేతిది. తొడిగి చూస్తే ఒక వేలు ఖాళీగా వేలాడింది. ఆయన ఆ వేలిని లోపలికి మడిచి, వల కుట్టే దారంతో కుట్టాడు. కుడుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

24 మార్చి, సోమవారం

160. మార్కెట్‌కి వెళ్లాను. చేప కింద గోనెగుడ్డ పరిచాను, జారకుండా. ముందు ముళ్లు, తర్వాతే తల. ప్రతి చేపకీ పైకే చెప్పుకున్నాను, ముందు ముళ్లు, ముందు ముళ్లు. మాణిక్యాంబ తన పని ఆపి నా చేతులే చూస్తూ కూర్చుంది. పదకొండు చేపలు కోశాను. ఇంటికొచ్చి తొమ్మిది వేళ్లనూ వెలుతురులో ఒక్కొక్కటిగా తిప్పి చూసుకున్నాను. ఆయన కూడా చూశాడు.

27 మార్చి

ఐసులోంచి పండుగప్ప చేపని తీస్తుంటే చూపుడువేలు జివ్వుమంది, ఆ లేని వేలే. కత్తి తగులుతుందేమోనని దాన్ని పక్కకి జరిపి, అప్పుడు కోశాను.