నేరళకుంట గ్యాస్

2006 జూన్ 12

నేరళకుంటలో మొదటి మీటింగ్. హొసకోట దాటాక బస్సు దిగి అరగంట నడవాలి. చిన్న ఊరు. ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం. అందుకే మా ఎన్జీవో డైరెక్టర్ డానియల్ సార్ నన్ను పంపారు. సిటీలో, బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు ఏసీ గదిలో ప్రాజెక్టుకి పెట్టిన పేరు 'లో కార్బన్ విలేజ్'. దాన్ని తెలుగులో ఏమనాలో బస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా తట్టలేదు. చివరికి పొగ తక్కువ ఊరు అన్నాను. మహిళా సంఘం పెద్ద చౌడమ్మ నవ్వింది. పొగ తక్కువైతే నా కండ్లకి మంచిదే కదా సారోనమ్మా, మిగతాది నువ్వు రాసుకో అంది. షారోన్ అనే పేరు ఈ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు.

పదేళ్ళ తర్వాత ఏం కాల్చి వండుకుంటారు అని అడిగాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. ముగ్గుపిండితో బడి ముందు ఊరి పటం వేసి, దాని చుట్టూ కూర్చుని కొట్లాడుకున్నారు. పొద్దు వాలేసరికి ఒక ప్లాన్ తేలింది. ఆవులున్న ఇళ్ళకు గోబర్ గ్యాస్. పశువులు మేసే గోమాళం అంచున కానుగ చెట్లు, ఆ గింజల నూనెతో పంపు. వీధిలో సోలార్ లైట్లు. ఊరి పక్కన పాత రాతి క్వారీ ఉంది, వాన నీళ్ళు నిలుస్తాయి. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు, చెరువు చేసుకోవల్ల అని చౌడమ్మ పట్టుబట్టింది.

ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి తేలిగ్గా నిద్ర పట్టేలా ఉంది.

ఆగస్టు 3

చౌడమ్మ ఇంట్లో గ్యాస్ వెలిగింది. ఊరంతా వాకిట్లో నిలబడి చూసింది. రోజూ పేడ కలిపేది ఆమె భర్త ఓబళప్ప. మాట తక్కువ మనిషి. మంట దగ్గరికి వంగి, మొదటి బీడీ దాంతోనే ముట్టించుకున్నాడు. చౌడమ్మ తిట్టింది. టీ మాత్రం ముందు ఆయనకే ఇచ్చింది.

ఆగస్టు 29

పంచాయతీ ప్రెసిడెంట్ మునినారాయణప్ప ఒక తెల్ల కారు వెంటబెట్టుకుని వచ్చాడు. కారులో ఇద్దరు కంపెనీవాళ్ళు. మా ప్రాజెక్టు చూడటానికి అన్నారు. చౌడమ్మ పొయ్యి వెలిగించి చూపింది. వాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి వెరీ నైస్ అన్నారు. తర్వాత క్వారీ దగ్గరికి వెళ్ళారు. ఎంత లోతు, లారీ కిందికి దిగగలదా అని అడిగారు.

క్వారీలోకి లారీ ఎందుకు దిగాలి?

సెప్టెంబర్ 17

గ్రామసభ. కంపెనీవాళ్ళు బడి గోడ మీద స్లైడ్లు వేశారు. సిటీ చెత్తతో కరెంట్ తీస్తారట. ఊరికి కరెంట్ ఉచితం, కుర్రాళ్ళకు ఉద్యోగాలు. క్వారీలో చెత్త ఊరికే కొన్నాళ్ళు ఉంటుంది. మీరు ఆల్రెడీ గ్రీన్ విలేజ్ కాబట్టే మిమ్మల్ని ఎంచుకున్నాం అన్నారు. డానియల్ సార్ ముఖం వెలిగిపోయింది. తెలుగులో చెప్పింది నేను.

చౌడమ్మ లేచి నిలబడింది. మిషన్లు ముందు వస్తాయా, కస ముందు వస్తాదా అని అడిగింది. ఇక్కడ చెత్తను కస అంటారు. కంపెనీ ఆయన ఇంగ్లీషులో ఏదో పెద్ద వాక్యం చెప్పాడు. అందులో సైమల్టేనియస్ అనే మాట ఒక్కటే నాకు గట్టిగా వినపడింది. రెండూ కలిసే వస్తాయంటమ్మా అన్నాను. ఆమె కంపెనీ ఆయన్ని చూడలేదు. నన్నే చూసింది. చేతులెత్తమన్నప్పుడు అందరికంటే చివర ఆమె చెయ్యి లేచింది.

నవంబర్ 6

లారీలు వచ్చాయి. మిషన్లు రాలేదు.

డిసెంబర్ 21

క్రిస్మస్‌కి ఇంటికి, రేపు గుంటూరు బస్సు. వెళ్ళేముందు ఊరికి వెళ్ళొచ్చాను. బస్సు దిగగానే వాసన. ఊళ్ళోకి వెళ్ళేసరికి అది వాసనలా లేదు, నోట్లో రుచిలా ఉంది. క్వారీ సగం నిండింది. పైన గద్దలు, చుట్టూ కుక్కలు. ఆ కుక్కలు ఈ ఊరివి కావు, లారీల వెనకే వచ్చాయంట. ఇంట్లో అన్నం పళ్ళెం మీద ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ ఇంకో చేత్తో తినాలి.

చౌడమ్మ పెద్దావు చచ్చిపోయింది. పొట్ట కోస్తే ప్లాస్టిక్ కవర్లు తాడులా అల్లుకుని వచ్చాయని ఓబళప్ప చెప్పాడు. ఆయన అంత పొడుగు మాట చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మిగిలిన ఒక్క ఆవు పేడతో గ్యాస్ సాయంత్రం టీకి కూడా చాలడం లేదు. కట్టెల పొయ్యి మళ్ళీ పెట్టారు. ఊళ్ళో చాలా ఇళ్ళలో అంతే.

డానియల్ సార్‌కి చెప్పాను. మొదట్లో ఇవన్నీ మామూలే, టీతింగ్ ట్రబుల్స్ అన్నారు.

2007 ఫిబ్రవరి 10

చేతిపంపు నీళ్ళలో బుడగలు వస్తున్నాయి. పిల్లలు సోడా అని పేరు పెట్టి పందేలు వేసుకుని తాగుతున్నారు. శాంపిల్ తెస్తే ఆఫీసులో ఎవరూ ముట్టుకోలేదు. నా టేబుల్ కిందే ఉంది.

చౌడమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు లారీలకు అడ్డం కూర్చుంటే పోలీసులు వచ్చి లేపేశారు. మునినారాయణప్ప డానియల్ సార్‌కి ఫోన్ చేశాడంట, ఆ క్రిస్టియన్ పిల్ల ఊర్ని రెచ్చగొడతాండాది, కొన్నాళ్ళు పంపద్దు అని. సార్ సరే అన్నారు. వచ్చే వారం ప్రాజెక్టుకి డబ్బిచ్చే ఫారిన్ టీం వస్తోంది. చౌడమ్మ పొయ్యి ఫోటో కావాలి, క్వారీ పడకుండా.

మార్చి 14, ఉదయం

చౌడమ్మ ఫోన్. ఎవరి సెల్లో తెలియదు. బావిలో నుంచి మంట వచ్చింది, నీ తాత కాలిపోయినాడు అంది. ఓబళప్పని నేను తాతా అనే పిలుస్తాను. ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే భయంగా ఉంది.

మార్చి 14, సాయంత్రం

పెద్దాసుపత్రి. బర్న్స్ వార్డ్ బయట బెంచీ మీద రాస్తున్నాను.

మోటర్ ఆగిపోయిందని బావిలోకి దిగాడట. నీళ్ళు అడుక్కి పోయాయి, మోటర్ సగం లోతులో రాతి గట్టు మీద ఉంది. దిగి కూర్చుని బీడీ ముట్టించాడు. శబ్దం ఊరి చివరి దాకా వినపడిందట. బావి నోట్లోంచి మంట లేచి, వెంటనే ఆరిపోయింది. తాడేసి పైకి లాగినవాళ్ళ చేతులకు ఆయన చర్మం అంటుకుంది. బావిలో పెట్రోల్ పోశారా అని డాక్టర్ అడిగాడు. లేదప్పా, నీళ్ళే అంది చౌడమ్మ.

మార్చి 19

ఓబళప్ప పోయాడు. చివరి రెండు రోజులు దాహం అన్నాడు, అంతే. గోమాళం అంచున పూడ్చారు. కానుగ మొక్కలు అక్కడే ఉన్నాయి, ఆకులు కనపడకుండా ఈగలు.

మార్చి 24

కంపెనీ ఇంజనీరు గ్యాస్ పసిగట్టే మీటర్ పట్టుకుని వచ్చాడు. బావి దగ్గర అది కూసింది. చౌడమ్మ వంటింట్లో కూసింది. వరసగా చాలా ఇళ్ళలో కూసింది. డానియల్ సార్‌ని పక్కకు తీసుకెళ్ళి ఇంగ్లీషులో చెప్పాడు. నేను దగ్గరే ఉన్నాను. క్వారీలో చెత్త కుళ్ళి గ్యాస్ పుట్టింది, గోబర్ గ్యాస్ లాంటిదే. రాతి పగుళ్ళలోంచి ఊరి కిందికి పాకింది. ఇళ్ళలో నిప్పు వెలిగించకూడదు. ఎన్నాళ్ళు అని సార్ అడిగారు. అతను మీటర్‌ని సంచిలో పెట్టుకున్నాడు.

రిపోర్ట్ వచ్చేదాకా నువ్వేం చెప్పొద్దు అన్నారు సార్. నేను బడి ముందుకు వెళ్ళి అందర్నీ పిలిచి చెప్పాను. ఈసారి ఒక్క మాట వదల్లేదు. మునినారాయణప్ప అక్కడే ఉన్నాడు. అతని ఇల్లూ ఆ వరసలోదే. తల దించుకుని విన్నాడు.

చౌడమ్మ అడిగింది, మనం మీటింగుల్లో అడిగిన గ్యాసు ఇదేనా సారోనమ్మా అని.

ఇదేనమ్మా అన్నాను.

మార్చి 26

నన్ను ఆఫీసుకి రావద్దన్నారు.

ఏప్రిల్ 2

ఈరోజు సొంతంగా వెళ్ళాను. ఊళ్ళో ఒక్క ఇంటి మీద కూడా పొగ లేదు. తలుపులు, కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. దీపం లేదు, అగరుబత్తి లేదు. ముసలివాళ్ళు బీడీలు చెవి వెనక పెట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు.

ఆడవాళ్ళు ఊరి అవతల, లారీలు క్వారీకి వచ్చే రోడ్డు మీద కనిపించారు. తారు రోడ్డు మధ్యలో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మూడేసి రాళ్ళ పొయ్యిలు. ఊరి వంటంతా అక్కడే ఉడుకుతోంది. ఊర్లో నిప్పు పెట్టద్దన్నారు, ఈడ పెట్టినాము అంది చౌడమ్మ. నాకూ ఒక ముద్ద సంగటి పెట్టింది.

చెత్త లారీలు మలుపు దాకా బారులు తీరి ఆగి ఉన్నాయి. డ్రైవర్లు ఇంజన్లు ఆపలేదు.