రామెన్ కొట్లో మీ స్టూలు

ఏవండీ,

మీ పథ్యం కొంజాకు దుంప నూడుల్స్ ఫ్రిజ్‌లో ఉన్నాయి. బాగా కడిగి, నూనె వెయ్యకుండా నీరు ఇగిరేదాకా వేయించండి. తర్వాత క్యాబేజీ, క్యారెట్, మొలకలు వెయ్యండి. సోయా సాసు ఒక చెంచా చాలు. మయొనైజ్ కోసం వెతక్కండి, దాచేశాను.

డాక్టరు మీ నడుం కొలిచినప్పటి నుంచీ మీకు తోడుగా నేనూ ఈ చప్పిడి తిండే తింటున్నాను. నా ఉంగరం వదులైంది, మీ బెల్టు మాత్రం బిగిసింది. ఎందుకో ఇవాళ తెలిసింది. స్టేషన్ పక్క, కొవ్వు తేలే నూడుల్స్ సూపు అమ్మే రామెన్ కొట్టాయన నన్ను ఆపి మరీ అడిగాడు: "నిన్న హిరోబె గారు రాలేదేంటమ్మా? ఒంట్లో బాగానే ఉందా?" పాపం, ఒక్క పూటకే బెంగ పెట్టేసుకున్నాడు!

ఆయనకి జవాబు చెప్పడానికే వెళ్తున్నాను. మీ స్టూలు మీదే కూర్చుంటాను. మీరు తినేదే తింటాను.

సుమియె

బతిమాలడానికి వస్తే రండి. ముందు ఆ నూడుల్స్ తినేసి రండి.