నొప్పి లేదని దాచిన జబ్బు

మంగళవారం, రాత్రి

ఆయాసం తగ్గలేదని తీసుకెళ్తే, ఈరోజు అనంతపురం ఆసుపత్రిలో మా ఆయన గుండె రక్తనాళాలు మూడు పూడుకుపోయాయన్నారు. నొప్పే రాలేదు కదా అన్నాను.

"షుగర్ ఉన్నోళ్లలో కొందరికి నొప్పి తెలీదమ్మా. గుండె పరీక్ష చేయించుకోమని ఈయనకు పోయినేడే చెప్పినా గదా," అన్నాడు డాక్టరు.

నేను మా ఆయన వైపు తిరిగాను.

"నాకు ఒక్క మాటైనా యాల చెప్పలేదు?"

"నొప్పి లేదు గదా. నిన్ను భయపెట్టేది యాలని ఊరుకుంటి."

ఏడాదిగా ఆయనకని విడిగా రాగిసంగటి చేస్తూ, షుగర్ తగ్గిందని సంబరపడ్డాను. మొన్న వేరుశనగ మూటలు మోస్తూ ఆయాసంతో గట్టు మీద కూలబడితే, కూలివాళ్ల ముందే సోమరిపోతని తిట్టాను. ఆయన నవ్వి, లేచి ఇంకో మూట ఎత్తుకున్నాడు.

ఆపరేషన్ గురువారం. బాగై ఇంటికొస్తే చాలు. కానీ అన్నీ తెలిసుండి, నన్ను అంత మాట ఎలా అననిచ్చాడు...