ఇందాకే వేసిన సూది

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. వదినకు నెలలు నిండుతున్నాయనే ఈ కార్డు.

మొన్న మా పక్కగదిలో గుండీలు కుట్టే పిల్లకు నొప్పులొచ్చి ఆగిపోయాయి. మంత్రసాని నొప్పుల సూది వేసినా కాన్పు కాలేదు. అందరం కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లాం. “ఇంటి దగ్గర మందేమైనా ఇచ్చారా?” అని నర్సు అడిగింది. తిడతారని భయపడి ఆ పిల్ల అత్తగారు, “అబ్బే, ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదమ్మా” అంది. నర్సు మళ్లీ అదే సూది తీసింది. మంత్రసాని మెల్లగా జారుకుంటుందనుకున్నాను. జారుకోలేదు. “ఆగమ్మా! ఇందాకే నేను వేశాను. ఇంకోటి వేస్తే పిల్ల దక్కదు. నన్ను తర్వాత తిడుదువుగాని” అని అడ్డం వచ్చింది. తిట్లు కడుపునిండా తింది. తల్లీబిడ్డా దక్కారు.

అయినా అందరూ అలాంటివాళ్లే ఉంటారని నాకు నమ్మకం లేదు. మన మంత్రసాని పిన్నిని మొహం మీదే అడుగు. సూది జోలికి పోకుండా ఉంటుందా? ఆస్పత్రికి వెంట వస్తుందా? చేసింది చేసినట్టు చెబుతుందా? నీళ్లు నమిలితే గడప తొక్కనివ్వకు. వదిన కాళ్లు వాచాయా? అన్నయ్య ఆటో మాట్లాడాడా, ఇంకా బద్ధకిస్తున్నాడా? నా పాత నూలు చీరలు ఉతికి ఉంచు.

అసలు అనుమానం నీ మీదే. పరువు పోతుందంటే నువ్వూ ఆ అత్తగారిలాగే అబద్ధమాడతావు. నర్సు అడిగితే పిన్నిని చెప్పనివ్వు.

నాన్నకు దణ్ణాలు. ఈ కార్డు వదినకు చదివి వినిపించు. నువ్వు వినిపించవని తెలిసే, ఆమెకు ఇదే సంగతి వేరే కార్డులో రాశాను.

నీ కూతురు